సరస్సు లోతుల్లో మేసే చేపకు ఫ్లై అందించడం ఎలా?

నీటి మీద ఎక్కడా కదలిక లేదు. ఒక్క చేప కూడా పైకి రాలేదు. రెండు గంటలుగా విసురుతున్నారు, భుజం పట్టేసింది. ఇలాంటి రోజున చాలామంది చేసే పని ఫ్లై, అంటే ఈకలూ దారంతో పురుగులా కట్టిన కొక్కెం, మార్చడం. నలుపు తీసి ఎరుపు, ఎరుపు తీసి ముదురాకుపచ్చ కడతారు. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. చేప ఆరు మీటర్ల లోతులో మేస్తుంటే నా ఫ్లై రెండు మీటర్ల దగ్గర తిరుగుతోందని చాలా ఆలస్యంగా అర్థమైంది. కంటపడని ఫ్లైకి ఏ రంగైతే ఏం?

లోతు అనగానే మనకు బరువు గుర్తొస్తుంది. బరువు కావాలి, నిజమే. కానీ అంతకన్నా ముఖ్యం టైము. ఫ్లై దిగడానికి ఎంతసేపు పడుతుంది, దిగాక చేప ఉన్న ఎత్తులో ఎంతసేపు ఉంటుంది? ఈ రెండు లెక్కలూ చేతికి వస్తే లోతైన నీటి భయం పోతుంది. కింద చెప్పేవన్నీ ఈ లెక్కల కోసమే. ఉదాహరణలు ఎక్కువగా ట్రౌట్ అనే చల్లనీటి చేపవే ఇచ్చాను, సరస్సుల్లో ఫ్లై ఫిషింగ్ ఎక్కువగా దాని కోసమే చేస్తారు కాబట్టి.

మొదటి అడుగు: చేప ఏ లోతులో ఉందో తేల్చుకోండి

లోతైన సరస్సు వేసవిలో పొరలుగా విడిపోతుంది. ఎండకు వేడెక్కి తేలికైన నీరు పైన ఉంటుంది, చల్లని బరువైన నీరు కింద ఉంటుంది. రెండింటి మధ్య ఉష్ణోగ్రత చకచకా పడిపోయే ఒక పొర ఉంటుంది. దాన్ని థర్మోక్లైన్ అంటారు. ట్రౌట్‌కు 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ నీరు హాయిగా ఉంటుంది, 20 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. అందుకే పైపొర వేడెక్కగానే కిందికి దిగుతుంది.

అలాగని ఎంత లోతుకైనా పోదు. నాచు, మొక్కలు బాగా పెరిగే సరస్సుల్లో థర్మోక్లైన్ కింద కుళ్లుతున్న పదార్థం ఆక్సిజన్‌ను వాడేసుకుంటుంది. పై నీటితో కలవదు కాబట్టి అక్కడికి కొత్త ఆక్సిజన్ చేరదు. పైన వేడి, కింద ఊపిరాడదు. మధ్యలో మిగిలిన చల్లని పట్టీలోనే చేపలన్నీ సర్దుకుంటాయి. పదిహేను మీటర్ల సరస్సులో థర్మోక్లైన్ ఆరు మీటర్ల దగ్గర మొదలైతే, పన్నెండు మీటర్ల లోతులో ఫ్లై వేయడం దండగ. ఆ పట్టీ సరస్సు వాలును తాకే చోటు వెతకండి. చల్లదనం, ఆక్సిజన్, నేలమీద దొరికే తిండి మూడూ ఒక్కచోట కలిసే జాగా అదే. వేసవిలో నేను ముందుగా వెళ్లేది అక్కడికే.

శరదృతువులో పైనీరు చల్లబడి మునిగి, గాలికి సరస్సు మొత్తం కలగలిసిపోతుంది. ఆ కొద్ది రోజులూ వేట మందంగా ఉంటుంది. నీరు కుదుటపడ్డాక చేప ఏ లోతులోనైనా ఉండొచ్చు.

చేపను కిందే ఉంచే మరో కారణం తిండి. కుట్టని దోమల్లాంటి కైరోనమిడ్ పురుగుల లార్వాలు అడుగు బురదలో బతుకుతాయి. వాటిలో కొన్నింటి ఒంట్లో మన రక్తంలో ఉన్నట్టే హీమోగ్లోబిన్ ఉంటుంది. అందుకే ఎర్రగా ఉంటాయి, ఆక్సిజన్ తక్కువైనా తట్టుకుంటాయి. ప్యూపాగా, అంటే రెక్కల పురుగు అయ్యేముందు దశకు, మారాక అవి మెల్లగా పైకి లేస్తాయి. ఆ లేచే మొదటి అర మీటరులోనే చేపలు వాటిని ఏరుకు తింటాయి. అంత సులువుగా కడుపు నిండుతుంటే పైకి రావాల్సిన పనేముంది?

నీటి కింద చేపలను తెరమీద చూపే ఫిష్ ఫైండర్ ఉంటే సగం వెతుకులాట తగ్గుతుంది. లేకపోతే ఒక చిన్న సీసాలో థర్మామీటర్ పెట్టి, బరువు కట్టి, మీటరు మీటరుకూ ముడి వేసిన తాడుతో దించండి. ఒక్కో లోతులో మూడు నాలుగు నిమిషాలు ఉంచి చకచకా పైకి లాగండి. సీసాలోని నీరు ఆ లోతు ఉష్ణోగ్రతనే మోసుకొస్తుంది. ఏ రెండు ముడుల మధ్య అంకె ధబాలున పడిందో, థర్మోక్లైన్ అక్కడే.

రెండో అడుగు: అడుగు ఎంత దూరంలో ఉందో కొలవండి

కళ్లతో లోతు అంచనా వేయకండి. ఫ్లైకి ఫోర్సెప్స్ (కొక్కెం తీసే పట్టకారు) తగిలించి పడవ పక్కనే నిలువుగా దించండి. బరువు నేలను తాకగానే లైన్ సడలుతుంది. మళ్లీ సరిగ్గా బిగిసేంత వరకు పైకి తెచ్చి, నీటి మట్టం దగ్గర లైన్‌ను వేళ్లతో పట్టుకోండి. అక్కడి నుంచి ఫ్లై వరకు ఉన్నదే లోతు.

ఫోర్సెప్స్ పైకి వచ్చాక వెంటనే కడిగేయకండి. దాని దవడల మధ్య ఏం అంటుకుందో చూడండి. ఒకసారి నాకు నల్లటి మెత్తని బురద వచ్చింది. వేలితో పలుచగా రాస్తే, అందులో సెంటీమీటరున్నర పొడవున్న ఎర్రటి లార్వా ఒకటి మెలికలు తిరిగింది. ఆ రోజు ఏ ఫ్లై కట్టాలన్న ప్రశ్నే రాలేదు. బురదకు బదులు పచ్చటి నాచు పోగులు వస్తే, ఫ్లై నడపాల్సింది నేల మీద కాదు, ఆ నాచు చివళ్ల మీద అని అర్థం.

మూడో అడుగు: లోతును బట్టి పద్ధతి ఎంచుకోండి

ఫ్లైని దించడానికి స్థూలంగా మూడు దారులున్నాయి. ఏడు మీటర్ల వరకు, చేప కదలకుండా మేస్తుంటే తేలే లైన్, ఇండికేటర్, పొడవైన లీడర్ (లైన్ కొసకూ ఫ్లైకీ మధ్య కట్టే సన్నని దారం) వాడండి. చేప తిరుగుతూ వేటాడుతుంటే, లేదా అది ఎక్కడుందో తెలియక వెతకాల్సివస్తే మునిగే లైన్ మంచిది. ఆరు మీటర్లు దాటిన నీటిలో చేపలు సరిగ్గా పడవ కిందే ఉంటే లైన్‌ను నిలువుగా వేలాడదీయడమే మేలు.

తేలే లైన్, ఇండికేటర్

ఇండికేటర్ అంటే మన గాలపు బెండు లాంటిదే. దాని కింద ఫ్లై ఒకే లోతులో వేలాడుతూ ఉంటుంది. చేప ఎత్తులో ఎక్కువసేపు నిలపడంలో దీన్ని మించిన పద్ధతి లేదు. కొలిచిన లోతు ఆరు మీటర్లనుకోండి. ఇండికేటర్ నుంచి ఫ్లైకి ఐదున్నర మీటర్లు ఉంచండి. ఫ్లై నేలకు 30 నుంచి 50 సెంటీమీటర్ల పైన నిలవాలి. పురుగు బురద వదిలి లేచే చోటు అదే.

లీడర్ చివరి వరకు ఒకే మందంలో ఉన్న సన్నని ఫ్లోరోకార్బన్ దారం అయితే త్వరగా దిగుతుంది. లావు నుంచి సన్నానికి వచ్చే మామూలు లీడర్‌లో లావు భాగం నీటిని ఈడుస్తూ ఆలస్యం చేస్తుంది. నైలాన్ సాంద్రత నీటికన్నా కాస్తే ఎక్కువ, ఫ్లోరోకార్బన్‌ది దాదాపు 1.8 రెట్లు. ఫ్లైకి అర మీటరు పైన చిన్న స్వివెల్ (తిరిగే లోహపు కడియం) కడితే లీడర్ నిటారుగా నిలుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. రాడ్ మూడు మీటర్లే, ఇండికేటర్ కింద లీడర్ ఐదున్నర మీటర్లు. ఇండికేటర్ రాడ్ కొసకు తట్టుకుంటే చేప చేతికి అందదు. అందుకే గట్టిగా లాగగానే పట్టు వదిలి లీడర్ మీద జారిపోయే రకం ఇండికేటర్ తీసుకోండి. మొదటిసారి వాడే ముందు ఒడ్డున నాలుగైదు సార్లు లాగి చూసుకోవడం మంచిది. చేప తగిలాక జారకపోతే వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు.

పదీ పన్నెండు మీటర్ల దూరం విసిరితే చాలు. విసిరాక ఆగండి. టంగ్‌స్టన్ పూస ఉన్న ఫ్లైకైనా ఐదున్నర మీటర్లు దిగడానికి అర నిమిషం నుంచి నిమిషం పడుతుంది. ఇండికేటర్ నీటిపై పడుకుని ఉంటే ఫ్లై ఇంకా దిగుతున్నట్టు, లేచి నిలబడితే బరువు పూర్తిగా పడినట్టు. అప్పటి నుంచే మీ వేట మొదలైంది. అప్పుడప్పుడు పది సెంటీమీటర్లు లాగి వదలండి. ఫ్లై కాస్త లేచి మళ్లీ దిగుతుంది, ఆ దిగేటప్పుడే చాలాసార్లు చేప అందుకుంటుంది. గాలికి లైన్ వంపు తిరిగి ఇండికేటర్‌ను ఈడ్చుకుపోతుంటే ఫ్లై పైకి తేలిపోతుంది. రాడ్‌తో లైన్‌ను ఎత్తి గాలికి ఎదురుగా వేస్తూ ఉండండి.

ఇండికేటర్ లేకుండానూ పట్టొచ్చు. లోతుకు ఒకటింబావు రెట్లు పొడవున్న లీడర్ కట్టి, గాలికి అడ్డంగా విసిరి, ఫ్లై దిగేదాకా ఓపికపట్టి, వేళ్ల మీద లైన్ చుట్టుకుంటూ నత్తనడకన లాగాలి. గాలి తక్కువున్న రోజున నాకు ఇదే ఇష్టం. చేప పట్టిన సంగతి కంటికన్నా ముందు వేలికి తెలుస్తుంది.

మునిగే లైన్, అంకెల లెక్క

మునిగే లైన్ పెట్టె మీద ఒక అంకె ఉంటుంది. సెకనుకు ఎన్ని అంగుళాలు దిగుతుందో దాదాపుగా ఆ అంకె చెబుతుంది. టైప్ 3 సెకనుకు దాదాపు ఏడున్నర సెంటీమీటర్లు, టైప్ 6 దాదాపు పదిహేను. ఇంటర్మీడియట్ లైన్ నాలుగు సెంటీమీటర్ల చుట్టుపక్కల. ఆరు మీటర్లు దిగడానికి ఇంటర్మీడియట్‌కు రెండున్నర నిమిషాలు, టైప్ 3కి 80 సెకన్లు, టైప్ 6కి 40 సెకన్లు పడుతుంది. ఇంటర్మీడియట్ వేసి పది సెకన్లకే లాగడం మొదలుపెట్టే వారిని ఎంతమందినో చూశాను. వాళ్ల ఫ్లై అర మీటరు కూడా దిగి ఉండదు.

లెక్క ఇలా కట్టండి. లైన్ నీటిపై పడగానే రాడ్ కొసను నీటికి తాకించి, సడలును తీసేసి, గడియారం చూస్తూ అంకెలు మొదలుపెట్టండి. మనసులో లెక్కబెడితే ఉత్సాహంలో తొందరపడతాం. మొదటి విసురుకు 20 సెకన్లు ఆగి లాగండి. రెండోసారి 30, తర్వాత 40. ఏదో ఒక అంకె దగ్గర ఫ్లై నాచు తగిలి వస్తుంది, లేదా చేప పట్టుకుంటుంది. నాచు తగిలితే ఐదు సెకన్లు తగ్గించండి, ఇక ఫ్లై ఆ నాచు పైనుంచే నడుస్తుంది. చేప పట్టిందా, ఆ అంకె చీటీ మీద రాసుకోండి. ఆ పూటకు అదే మీ తాళం చెవి. పక్కన ఉన్నవాళ్లతో ఫ్లై గురించి మాట్లాడుకున్నట్టే అంకె గురించీ మాట్లాడుకోవాలని నా కోరిక. ఒకే పడవలో ఇద్దరుంటే ఒకరు 20 నుంచి, మరొకరు 50 నుంచి మొదలుపెడితే వెతుకులాట సగం అవుతుంది.

పెట్టె మీద అంకె సరిపోదు, లైన్ ఎలా మునుగుతుందో కూడా చూడాలి. పాత రకం లైన్లలో సన్నని కొస కన్నా లావైన మధ్యభాగం ముందు దిగి వేలాడుతుంది. చేప పట్టినా ఆ వంపు సాగేదాకా మీకు తెలియదు. కొస కూడా మధ్యభాగంతో సమానంగా దిగేలా తయారైన లైన్ తీసుకుంటే ఫ్లై నుంచి వేలి వరకు తిన్నని దారి ఉంటుంది. కొత్తగా కొనేటట్లయితే డబ్బు దీనిమీద పెట్టండి, రీల్ మీద కాదు.

మునిగే లైన్‌కు పొడవాటి లీడర్ కడితే చేసిన పనంతా వృథా. లైన్ కిందుంటుంది, తేలికైన ఫ్లై మీటరు పైన వస్తూ ఉంటుంది. ఒక్క ఫ్లై అయితే మీటరు నుంచి మీటరున్నర చాలు.

దూరం విసరడం ఇక్కడ ఆడంబరం కాదు. ఫ్లై ఒకే ఎత్తులో ప్రయాణించేది మొదటి భాగంలోనే, రాడ్ దగ్గరపడేకొద్దీ అది వాలుగా పైకి లేస్తుంది. పది మీటర్లే విసిరితే దిగడమూ లేవడమూ తప్ప మధ్యలో ఏమీ మిగలదు. వేగం కూడా అంతే, ఎంత జోరుగా లాగితే అంత పైకి తేలుతుంది. కొద్దిగా లాగి, ఆగి, మళ్లీ లాగండి.

నిలువుగా వేలాడదీయడం

పడవకు రెండు లంగర్లు వేసి కదలకుండా నిలిపాక, ఫోర్సెప్స్ తగిలించిన ఫ్లైని నేలదాకా దించండి. 40 సెంటీమీటర్లు పైకి చుట్టి, రీల్‌ను అక్కడే ఆపేయండి. తర్వాత లైన్ పైకి తీసి, ఫోర్సెప్స్ విప్పి, బయట ఉన్న ఆ లైన్‌ను మాత్రమే విసరండి. టైప్ 6 గానీ అంతకన్నా వేగంగా దిగేది గానీ కావాలి. లైన్ గడియారపు లోలకంలా ఊగి పడవ కిందికి వచ్చి నిటారుగా నిలుస్తుంది. ఫ్లై కచ్చితంగా నేలకు 40 సెంటీమీటర్ల పైన ఉంటుంది. అప్పుడు వేళ్లతో ఒక్కో సెంటీమీటరు చొప్పున లేపండి. ప్యూపా లేచే తీరు అచ్చం ఇలాగే ఉంటుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా సరస్సుల్లో కైరోనమిడ్ వేటకు పేరుపొందిన పద్ధతి ఇది. రాడ్‌ను పడవ అంచున ఆనించి చేయి తీయకండి. నిలువు లైన్ మీద చేప పట్టే పట్టు చాలా గట్టిగా ఉంటుంది, రాడ్ నీళ్లలోకి పోతుంది.

నాలుగో అడుగు: ఫ్లై త్వరగా దిగేలా కట్టుకోండి

ఒత్తుగా ఈకలు చుట్టిన ఫ్లై గాలిని పట్టుకుని తేలుతుంది. లోతు కోసం కట్టేది సన్నగా, నున్నగా, తక్కువ ఈకలతో ఉండాలి. ఒంటి మీద పలుచగా రెజిన్ పూస్తే ఇంకా మేలు. ఇత్తడి సాంద్రత నీటికి ఎనిమిదిన్నర రెట్లయితే టంగ్‌స్టన్‌ది పంతొమ్మిది రెట్లు పైనే. అంటే పూస అంతే ఉంటుంది, దిగే వేగం మారిపోతుంది. సీసం వద్దు. నీటి పక్షులు దాన్ని మింగి చనిపోతాయి, చాలాచోట్ల నిషేధం కూడా ఉంది.

కొత్త ఫ్లైని మొదటిసారి విసిరే ముందు నీటిలో ముంచి వేళ్లతో పిండండి. బుడగలు బయటికి పోతాయి. లీడర్‌కు చేతి జిడ్డు అంటుకున్నా అది నీటిపై తేలుతూ ఫ్లైని పట్టి ఉంచుతుంది. మెత్తని బంకమట్టిలో ఒక చుక్క పాత్రలు తోమే ద్రవం కలిపి లీడర్ పొడవునా రుద్దితే జిడ్డు పోతుంది. ఒడ్డున తీసిన చిటికెడు బురదైనా ఫరవాలేదు.

బరువైన వాటికి పూర్తి భిన్నమైన ఫ్లై ఒకటుంది. ఫోమ్ కళ్లతో తేలే బూబీ. బ్రిటన్ జలాశయాల్లో దీని వాడకం ఎక్కువ. వేగంగా మునిగే లైన్‌కు 60 నుంచి 90 సెంటీమీటర్ల లీడర్‌తో కడతారు. లైన్ నేలమీద పడుకుంటుంది, ఫ్లై లీడర్ పొడవున పైకి తేలి నిలుస్తుంది. లాగితే తలవంచి కిందికి దూకుతుంది, వదిలితే లేస్తుంది. నాచులో, రాళ్లలో చిక్కుకోదు. కాకపోతే కదపకుండా వదిలేస్తే చేప గొంతుదాకా మింగేస్తుంది. చేపను తిరిగి వదలాలనుకుంటే ఫ్లైని కదుపుతూనే ఉండండి. కొన్నిచోట్ల దీన్ని అనుమతించరు, ముందే కనుక్కోండి.

ఐదో అడుగు: పడవను అదుపులో పెట్టండి

ఫ్లై దిగుతున్న 40 సెకన్లలో పడవ పది మీటర్లు కొట్టుకుపోతే, వేసిన లెక్క అంతా తారుమారవుతుంది. గాలివాలున కొట్టుకుపోతూ ముందుకు విసిరితే పడవే లైన్ వైపు వెళ్తుంది. లైన్ సడలిపోతుంది, చేప పట్టినా తెలియదు. నీటిలో గొడుగులా విచ్చుకునే డ్రోగ్ వేస్తే వేగం తగ్గుతుంది. లోతులో మాత్రం లంగరే నమ్మకం. ఒక్క లంగరు వేస్తే పడవ అటూ ఇటూ ఊగి లైన్‌ను వంపు తిప్పుతుంది, అందుకే ముందొకటి, వెనకొకటి. గాలి పెరిగితే మాత్రం వెనక లంగరు ముందుగా తీసేయండి. వెనక లంగరు మీదే ఆగిన పడవలోకి అలలు ఎక్కేస్తాయి. లైఫ్ జాకెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఆరో అడుగు: పట్టును గుర్తించడం, చివర ఆగడం

లోతులో చేప పట్టు చాలాసార్లు లాగినట్టు ఉండదు. లైన్ కాస్త బరువెక్కినట్టో, తడి గుడ్డ తగిలినట్టో ఉంటుంది. అనుమానం వస్తే రాడ్ ఎత్తకండి, ఎడమచేత్తో లైన్‌ను ఒక్కసారి పొడవుగా లాగండి. నిజంగా చేప అయితే కొక్కెం దిగుతుంది. కాకపోతే ఫ్లై అదే లోతులో మిగులుతుంది, మళ్లీ దించే పని ఉండదు.

ఇక అందరూ వదిలేసే చివరి ఐదు మీటర్లు. ఫ్లై వాలుగా లేస్తున్నప్పుడు వెంబడించే చేపలుంటాయి. లైన్ కొసకు ఐదారు మీటర్ల ముందు రంగు మార్కరుతో గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తు రాడ్ కొసకు రాగానే లాగడం ఆపి, రాడ్‌ను మెల్లగా ఎత్తి, పదీ పదిహేను సెకన్లు అలాగే పట్టుకోండి. ఒక సాయంత్రం అలా ఆగి నీటిలోకి చూస్తున్నాను. ఫ్లై తోక మాత్రం అల్లాడుతోంది. దాని కింద గోధుమరంగు నీడ ఒకటి కదలకుండా నిలబడి ఉంది. నా ఊపిరి ఆగిపోయింది. ఫ్లై వేలెడంత జారగానే ఆ నీడ నోరు తెరిచింది, లోపలి తెలుపు కనిపించింది. అంతకుముందు ఎన్ని నీడలు అలా వచ్చి వెనక్కి తిరిగి ఉంటాయో!

మళ్లీ విసరడానికి మునిగిన లైన్‌ను నేరుగా నీటిలోంచి పీకకండి, రాడ్ విరుగుతుంది. రోల్ కాస్ట్‌తో, అంటే లైన్‌ను వెనక్కి ఎత్తకుండా ముందుకే దొర్లించి, నీటిపైకి తెచ్చి, అప్పుడు వెనక్కి ఎత్తండి. బరువైన ఫ్లై తల పక్కనుంచి పోతుంది కాబట్టి కళ్లద్దాలు, టోపీ తప్పనిసరి.

చేపను పైకి తెచ్చేటప్పుడు

చల్లని నీటిలోంచి వస్తున్న ట్రౌట్ చివరి రెండు మీటర్లూ వేడి నీటిలో పోరాడుతుంది. పైనీరు 20 డిగ్రీలు దాటిన రోజుల్లో పోరును సాగదీయకుండా, కాస్త బలమైన టిప్పెట్‌తో (లీడర్ చివరి సన్నని భాగం) త్వరగా తెచ్చి, నీటిలోనే కొక్కెం తీసి వదలండి. ముల్లు లేని కొక్కెం అయితే ఇది రెండు సెకన్ల పని. ట్రౌట్ తన గాలితిత్తిలోని గాలిని నోటి ద్వారా వదులుకోగలదు. పెర్చ్ లాంటి చేపలకు ఆ వీలు లేదు. పది మీటర్ల కింది నుంచి తెచ్చిన పెర్చ్ కడుపు ఉబ్బి, నీటిపై తేలిపోయి చనిపోవచ్చు. అంత లోతులో వరుసగా పెర్చ్‌లే తగులుతుంటే, తినడానికి కావలసినన్ని తీసుకుని లంగరు ఎత్తి తక్కువ లోతుకు జరగండి.